12 ఇంచుల స్పీకర్‌కు బేస్ బాక్సు: కొలతలు, కోత, ట్యూనింగ్

నల్లగొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా పెళ్లి బరాత్‌ల్లో, వినాయక నిమజ్జనాల్లో వినిపించే బేస్ బాక్సుల్లో చాలావాటికి ఒకటే జబ్బు. సప్పుడు పెద్దగా ఉంటుంది, గుండె అదురుతుంది. కానీ పాటలో బేస్ ఏ స్వరం మీద ఉన్నా చెవికి ఒకటే ‘బుమ్’ అని చేరుతుంది. దీనికి యాంప్లిఫైయర్‌ను తిట్టి లాభం లేదు. ఎవరో 18 ఇంచుల స్పీకర్ కోసం గీసిన బొమ్మను కొంచెం కుదించి మిస్త్రీ చేతిలో పెట్టడం వల్ల వచ్చే తిప్పలివి. బాక్సును స్పీకర్ సైజు చూసి చెయ్యకూడదు, ఆ స్పీకర్ లెక్కలు చూసి చెయ్యాలి. రెండు 12 ఇంచుల స్పీకర్లు పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి 30 లీటర్ల మూసిన బాక్సు సరిపోతే, రెండోదానికి 72 లీటర్ల పోర్టు బాక్సు, అంటే గాలి గొట్టం ఉన్న బాక్సు, కావాల్సి రావచ్చు.

ముందు కావలసిన లెక్కలు

స్పీకర్‌తో వచ్చే కాగితం మీద నాలుగు అంకెలు వెతకండి. ఎఫ్ఎస్ అంటే బాక్సు లేకుండా కోన్ (స్పీకర్ ముందు ఊగే గరాటు) సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్ అంటే ఆ ఊగడాన్ని స్పీకర్ తనంతట తాను ఎంత గట్టిగా అదుపు చేస్తుందో చెప్పే అంకె. అది ఎంత తక్కువుంటే అదుపు అంత గట్టిది. వీఏఎస్ అంటే కోన్‌ను పట్టి ఉంచే సాగే భాగంతో, అంటే సస్పెన్షన్‌తో, సమానమైన బిగువున్న గాలి ఎన్ని లీటర్లో. ఎక్స్‌మ్యాక్స్ అంటే కోన్ ఒకవైపు ఎన్ని మిల్లీమీటర్లు శుభ్రంగా కదలగలదో. వాట్లు వీటి తర్వాత చూసుకునే సంగతి.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో గానీ లోకల్ షాపులో గానీ కాగితం లేకుండా దొరికే స్పీకర్లే ఎక్కువ. అప్పుడు మనమే కొలుచుకోవాలి. ఒక మల్టీమీటర్, 100 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్, చిన్న యాంప్లిఫైయర్, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఉంటే చాలు. కొత్త స్పీకర్‌ను ముందు కొన్ని గంటలు 25 హెర్ట్జ్ దగ్గర మెల్లగా ఆడించాలి. సస్పెన్షన్ సడలకముందు కొలిస్తే ఎఫ్ఎస్ ఎక్కువగా కనిపిస్తుంది.

స్పీకర్‌ను గాలిలో వేలాడదీయండి, లేదా అయస్కాంతం మీద నిలబెట్టి చుట్టూ ఖాళీ ఉంచండి. రెసిస్టర్‌ను స్పీకర్‌తో సిరీస్‌లో కలపాలి. ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గర స్పీకర్ మీది ఏసీ వోల్టు, రెసిస్టర్ మీది ఏసీ వోల్టు రెండూ రాసుకోవాలి. స్పీకర్ ఇంపెడెన్స్ (ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు, ఓమ్‌లలో) = 100 × స్పీకర్ వోల్టు ÷ రెసిస్టర్ వోల్టు. ఆ విలువ ఎక్కడ అన్నిటికంటే ఎక్కువ వస్తుందో అదే ఎఫ్ఎస్. యాంప్లిఫైయర్ తీసేసి మల్టీమీటర్‌తో నేరుగా కొలిచిన ఓమ్‌లు కాయిల్ నిరోధం.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరి దాకా పోదాం. కాయిల్ నిరోధం 5.6 ఓమ్‌లు, ఎఫ్ఎస్ 38 హెర్ట్జ్, అక్కడ ఇంపెడెన్స్ 50.4 ఓమ్‌లు వచ్చాయనుకోండి. 50.4 ÷ 5.6 = 9. దాని వర్గమూలం 3. 5.6 × 3 = 16.8. ఇప్పుడు 38కి కింద ఒకచోట, పైన ఒకచోట ఇంపెడెన్స్ 16.8 ఓమ్‌లు చూపే ఫ్రీక్వెన్సీలు వెతకాలి. అవి 24.3, 59.5 అనుకుందాం. రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే మళ్లీ 38 దగ్గరికే రావాలి. రాకపోతే కొలతలో తప్పు దొర్లింది, మొదటినుంచి కొలవాలి. క్యూఎంఎస్ (సస్పెన్షన్ వల్ల వచ్చే అదుపు అంకె) = 38 × 3 ÷ (59.5 − 24.3) = 3.24. క్యూటీఎస్ = 3.24 ÷ 9 = 0.36. క్యూఈఎస్ (కాయిల్, అయస్కాంతం వల్ల వచ్చే అదుపు అంకె) = 3.24 ÷ (9 − 1) = 0.405.

వీఏఎస్ కోసం లోపలి కొలత పక్కాగా తెలిసిన మూసిన డబ్బా కావాలి. పాత 50 లీటర్ల బాక్సు ఉన్నా పనికొస్తుంది. స్పీకర్‌ను గాలి పోకుండా దానికి బిగించి ఇంపెడెన్స్ శిఖరం, అంటే అది అన్నిటికంటే ఎక్కువ వచ్చే చోటు, మళ్లీ వెతకాలి. 63.6 హెర్ట్జ్ వచ్చిందంటే వీఏఎస్ దాదాపు 50 × ((63.6 ÷ 38) వర్గం − 1) = 90 లీటర్లు. స్పీకర్‌ను బోర్లా, అయస్కాంతం బయటికి ఉండేలా బిగిస్తే కోన్ గుంత కూడా డబ్బా గాలిలో కలుస్తుంది, ఆ లీటరో రెండు లీటర్లో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మూసినదా, పోర్టుదా?

ఎఫ్ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగించండి. 38 ÷ 0.405 = 94. ఇది 50 లోపు ఉంటే మూసిన బాక్సే మేలు. 100 దరిదాపుల్లో గానీ పైన గానీ ఉంటే పోర్టు బాక్సు. మధ్యలో ఉంటే రెండూ నడుస్తాయి. మన స్పీకర్ పోర్టు వైపు మొగ్గింది.

అయినా మూసిన బాక్సు లెక్క ఒకసారి వేసి చూడండి, తేడా తెలుస్తుంది. చదునైన స్పందన కోసం బాక్సులో మొత్తం క్యూ (స్పీకర్, బాక్సు కలిసి ఇచ్చే అదుపు అంకె) 0.707 రావాలి. లీటర్లు = 90 ÷ ((0.707 ÷ 0.36) వర్గం − 1) = 31.5. బేస్ 75 హెర్ట్జ్ దగ్గరే తగ్గడం మొదలవుతుంది. చిన్న గదిలో గోడలు కొంత సాయం చేస్తాయి కాబట్టి పర్వాలేదు. బయట మైదానంలో ఆ సాయం ఉండదు, 45 హెర్ట్జ్ కిక్ డ్రమ్ సగం మాయమవుతుంది. క్యూటీఎస్ 0.5 దాటిన స్పీకర్లకు మాత్రం మూసిన బాక్సే వేయండి. వాటిని పోర్టు బాక్సులో పెడితే ట్యూనింగ్ (పోర్టు మోగే ఫ్రీక్వెన్సీ) దగ్గర గుట్టలా లేచి, మొదట చెప్పిన ‘బుమ్’ అక్కడ పుడుతుంది.

పోర్టు బాక్సు లీటర్లు

ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే ఘాతాల బటన్ వస్తుంది. వాడాల్సిన సూత్రాలు రెండే.

బాక్సు లీటర్లు = 15 × వీఏఎస్ × (క్యూటీఎస్ ఘాతం 2.87)
ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ = 0.42 × ఎఫ్ఎస్ × (క్యూటీఎస్ ఘాతం −0.9)

మన స్పీకర్‌కు 72 లీటర్లు, 40 హెర్ట్జ్ వస్తాయి. బేస్ 3 డెసిబెల్స్ తగ్గే చోటు దాదాపు 41 హెర్ట్జ్. మూసిన బాక్సు 75తో పోల్చి చూడండి.

ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం వస్తుంది కదా, పోర్టు పనిచేసేది కూడా అలాగే. గొట్టంలోని గాలి బరువులా, బాక్సులోని గాలి స్ప్రింగులా పనిచేస్తాయి. ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ దగ్గర కోన్ దాదాపు కదలదు, సప్పుడంతా పోర్టు నుంచే వస్తుంది. అంతకంటే కిందికి పోతే మాత్రం పోర్టు ఎదురు తిరుగుతుంది, కోన్‌కు పట్టు ఉండదు. 30 హెర్ట్జ్ గట్టిగా కొడితే కోన్ ఎక్స్‌మ్యాక్స్ దాటి కాయిల్ వెనక ప్లేటుకు గుద్దుకుంటుంది. బరాత్‌లో స్పీకర్లు పోవడానికి వాట్ల కంటే ఇదే పెద్ద కారణం.

‘బాక్సు పెద్దగా చేస్తే బేస్ పెరుగుతుంది’ అన్న మాటను నమ్మకండి. అదే పోర్టుతో 72కు బదులు 120 లీటర్లు చేస్తే ట్యూనింగ్ 31 హెర్ట్జ్‌కు జారుతుంది. పాటలకు కావలసిన 45 నుంచి 60 మధ్య బేస్ కుంగిపోతుంది. 45 లీటర్లకు కుదిస్తే ట్యూనింగ్ 50 దాటి, మోత ఎక్కువై, కింద ఏమీ మిగలదు. పది శాతం అటూ ఇటూ అయితే చెవికి పెద్దగా తెలియదు, కాబట్టి చిల్లర లీటర్ల కోసం బాధపడనక్కర్లేదు.

పోర్టు పొడవు

గొట్టానికి 110 మి.మీ. పీవీసీ పైపు ప్రతి ఊళ్లో దొరుకుతుంది, బాత్రూం లైన్లకు వాడేదే. 110 అన్నది బయటి వ్యాసం. గోడ మందం రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి లోపలి వ్యాసం స్కేలు పెట్టి కొలవండి. 3.2 మి.మీ. గోడ ఉన్నదైతే 10.4 సెం.మీ. దగ్గర ఉంటుంది.

పొడవు (సెం.మీ.) = 23562.5 × వ్యాసం వర్గం × పోర్టుల సంఖ్య ÷ (ట్యూనింగ్ వర్గం × లీటర్లు) − 0.732 × వ్యాసం

ఒక పోర్టుకు 14.5 సెం.మీ. వస్తుంది, రెండు పోర్టులకు 36.6. ఒకటే చాలు కదా అనిపిస్తుంది. ఇంట్లో, తక్కువ వాల్యూమ్‌లో నిజంగా చాలు. గట్టిగా వాయించే చోట ఒకే గొట్టంలో గాలి వేగం పెరిగిపోయి ‘ఫుస్ ఫుస్’ అని ఊదిన సప్పుడు వస్తుంది. గాలి వేగం సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూసుకోవాలి. అందుకే ఈ బాక్సుకు రెండు పోర్టులు తీసుకుంటున్నాం. పైపు అంచులను లోపలా బయటా ఆకురాయితో గుండ్రంగా రుద్దితే సప్పుడు ఇంకా తగ్గుతుంది.

లోపలి కొలత

72 లీటర్లు అన్నది ఖాళీ గాలి. దానికి స్పీకర్ ఆక్రమించే 3 లీటర్లు, రెండు పైపులకు 7, ఆసరా బద్దలకు 2 కలపాలి. మొత్తం 84. ఇది కలపడం మరిచిపోవడం చాలా మామూలు తప్పు. 72కే బాక్సు చేస్తే లోపల మిగిలేది 60 లీటర్లు.

వెడల్పు 36, ఎత్తు 51, లోతు 46 సెం.మీ. లోపలి కొలతలు పెడితే 84.5 లీటర్లు. లోతు 46 ఎందుకంటే, 36.6 పైపులో 1.8 ముందు చెక్క మందంలోనే పోతుంది, వెనక గోడకు 11 సెం.మీ. మిగులుతుంది. పైపు చివరకూ గోడకూ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి. లేకపోతే గాలికి ఊపిరాడదు, ట్యూనింగ్ కూడా మారుతుంది. మూడు కొలతలూ సమానంగా ఉండే ఘనం చెయ్యకండి, లోపలి ప్రతిధ్వనులన్నీ ఒకేచోట పోగవుతాయి.

ప్లైవుడ్, కోత

18 మి.మీ. ప్లై వాడండి. ఇంట్లో ఉండే బాక్సుకు ఐఎస్ 303 ఎంఆర్ (తేమను కొంత తట్టుకునే) గ్రేడ్ చాలు. వానలో, డీసీఎం మీద తిరిగేదానికి ఐఎస్ 710 మెరైన్ తీసుకోవాలి. ఎండీఎఫ్ సప్పుడుకు మంచిదే గానీ బరువెక్కువ, నీళ్లు తగిలితే అంచులు ఉబ్బుతాయి, విప్పి బిగించిన కొద్దీ స్క్రూ పట్టు పోతుంది.

ఒక బాక్సుకు:
పైన, కింద: 39.6 × 46 సెం.మీ., రెండు
పక్కలు: 51 × 46, రెండు
ముందు, వెనక: 39.6 × 54.6, రెండు

8×4 షీటులో రెండు బాక్సులు సరిగ్గా వస్తాయి, అయితే కోత వరుస ఇలా ఉండాలి. 244 సెం.మీ. పొడవు మీద అడ్డంగా మూడు 46 పట్టీలు, ఒక 54.6 పట్టీ కోయండి. రెండు 46 పట్టీల్లో నాలుగు పక్కలు, మూడో దానిలో మూడు పైకప్పు ముక్కలు (కిందివీ అదే కొలత), 54.6 పట్టీలో మూడు ముందు చెక్కలు (వెనకవీ అదే కొలత) పడతాయి. మిగిలిన పట్టీ రంపం మందాలు పోను 50 సెం.మీ. ఉంటుంది. అందులో చివరి ముందు చెక్క నిలువుగా, చివరి పైకప్పు ముక్క దాని పక్కన వస్తాయి. పక్కల పట్టీల్లో మిగిలే 20 × 46 ముక్కలు ఆసరా బద్దలకు పనికొస్తాయి. మిస్త్రీ ఇంచులు, సూత్‌లలోనే కొలిచేటట్టయితే సెంటీమీటర్ల టేపు ఆయన చేతికివ్వండి. అన్నిటినీ సూత్‌లకు మారిస్తే ప్రతి ముక్కకూ మిల్లీమీటరు అటూ ఇటూ అయ్యి, చివరికి మూలల్లో సందులు పడతాయి.

ముందు చెక్క మీద స్పీకర్ కేంద్రం పై అంచు నుంచి 20 సెం.మీ. దగ్గర, వెడల్పుకు నడిమధ్యలో. రంధ్రం సాధారణంగా 28 సెం.మీ. దరిదాపుల్లో ఉంటుంది, కానీ మీ స్పీకర్‌ను బోర్లించి కొలిచాకే కొయ్యండి. పోర్టుల కేంద్రాలు పై అంచు నుంచి 44.8, ఒక్కొక్క పక్క అంచు నుంచి 11.8 దగ్గర. పైపు రంధ్రాలు బయటి వ్యాసానికి బిగుతుగా ఉండాలి. జిగ్‌సా వంకర పోయి వదులైతే సందును రంపపు పొట్టు, ఫెవికాల్ ముద్దతో నింపండి.

అంటించడం

ప్లై అంచులకు 3 మి.మీ. డ్రిల్‌తో ముందే దారి చేసి, 8 నంబరు 40 మి.మీ. స్క్రూలు 15 సెం.మీ.కు ఒకటి బిగించాలి. దారి చెయ్యకపోతే పొరలు చీలతాయి. అసలు పట్టు ఫెవికాల్‌ది, స్క్రూలు అది ఆరేదాకా పట్టుకునేందుకే. పైన, కింద, పక్కల చట్రం మొదట కట్టి, ఎదురెదురు మూలలు టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా వస్తేనే చట్రం లంబంగా ఉన్నట్టు. తర్వాత వెనక చెక్క, ఆసరాలు, చివరగా ముందు చెక్క.

ఆసరాలకు 6 సెం.మీ. వెడల్పు బద్దలు మూడు. 46 సెం.మీ. పొడవున్నది ముందు నుంచి వెనక్కి, స్పీకర్‌కూ పోర్టులకూ మధ్య ఉన్న సందులో. 36 సెం.మీ.వి రెండు పక్క నుంచి పక్కకు. వీటిని నడిమధ్యలో కాకుండా కొంచెం పక్కకు పెట్టాలి. మధ్యలో పెడితే రెండు సగాలూ ఒకే ఫ్రీక్వెన్సీలో మోగుతాయి. బాక్సును పిడికిలితో కొడితే ‘టక్’ అనాలి. ‘డబ్’ అని సాగితే అక్కడ ఇంకో బద్ద కావాలి. మూలల్లో 2 సెం.మీ. కర్ర బద్దలు అంటిస్తే బలంతో పాటు గాలి సందులు కూడా మూతపడతాయి. లోపలి అతుకులన్నిటి మీదా ఫెవికాల్ వేలితో మరోసారి రాసి 24 గంటలు ఆరనివ్వండి.

లోపలి మెత్త: వెనక, పైన, ఒక పక్క గోడకు ఇంచు మందం పాలిస్టర్ ఫైబర్. పోర్టు లోపలి మూతి దగ్గర ఏమీ ఉండకూడదు. మన జిల్లాల్లో పత్తికి కొదవ లేదు కాబట్టి అదే కుక్కుదామనిపిస్తుంది, వద్దు. తేమ పీల్చి అడుగుకు చేరుతుంది, పురుగు పడుతుంది. పోర్టు మూతికి లోపలి వైపు పెద్ద కన్నాల జాలీ బిగిస్తే ఎలుకలు కాపురం పెట్టవు. సన్న జాలీ మాత్రం గాలిని ఆపి, సప్పుడు చేస్తుంది.

స్పీకర్‌ను చెక్క స్క్రూలతో కాకుండా టీ-నట్లు (చెక్క వెనక దిగగొట్టే పళ్ల నట్లు), బోల్టులతో బిగించండి. ఫ్రేమ్ కింద ఫోమ్ టేపు చుట్టూ తెగకుండా వెయ్యాలి. బోల్టులు ఎదురెదురుగా బిగించాలి, ఒకవైపు నుంచి వరసగా బిగిస్తే రేకు ఫ్రేమ్ వంకర పోయి కాయిల్ రాసుకుంటుంది. ప్లస్, మైనస్ గుర్తు లేకపోతే 1.5 వోల్టుల సెల్‌ను క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే సెల్ ప్లస్ తగిలినదే స్పీకర్ ప్లస్. రెండు బాక్సుల్లో ఒకటి ఉల్టా ఉంటే బేస్ ఒకదాన్నొకటి తినేస్తుంది.

పరీక్ష, ట్యూనింగ్

ముందు గాలి లీకు చూడాలి. పోర్టులను గుడ్డతో గట్టిగా మూసి, కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా మెల్లగా నొక్కి వదలండి. నిదానంగా తిరిగి రావాలి. వెంటనే వచ్చేస్తే ఎక్కడో సందు ఉంది. 40 హెర్ట్జ్ మెల్లగా ఆడిస్తూ అగరబత్తిని అతుకుల వెంట తిప్పితే పొగ ఎక్కడ అదురుతుందో అక్కడే లీకు. ఎక్కువసార్లు అది కనెక్టర్ ప్లేటు చుట్టూనే దొరుకుతుంది.

గుడ్డ తీసేసి మళ్లీ రెసిస్టర్, మల్టీమీటర్ పట్టుకోండి. ఇప్పుడు ఇంపెడెన్స్‌కు రెండు శిఖరాలు కనిపిస్తాయి. వాటి మధ్య లోయ ఎక్కడుందో అదే అసలు ట్యూనింగ్. మీటరు లేకపోతే టోన్‌ను 30 నుంచి 55 దాకా మెల్లగా పెంచుతూ కోన్‌ను చూడండి, అన్నిటికంటే తక్కువ కదిలిన చోటు గుర్తుపెట్టుకోండి. లెక్కకు 40 అన్నా 38 గానీ 39 గానీ రావచ్చు, పైపులు అడుగు చెక్కకు దగ్గరగా ఉండడం వల్ల అవి కొంచెం పొడవైనట్టే పనిచేస్తాయి. పైపును ఒక సెంటీమీటరు కోస్తే ట్యూనింగ్ దాదాపు అర హెర్ట్జ్ పైకి పోతుంది. కోసింది మళ్లీ అతకదు కాబట్టి మొదట్లోనే రెండు సెంటీమీటర్లు పొడవుగా ఉంచుకుని, కొలిచి, రెండు పైపులనూ సమానంగా తగ్గించుకుంటూ రండి. పైపును శాశ్వతంగా అంటించేది అంతా అయ్యాకే. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం కొలిస్తే చలికాలం రాత్రి కంటే ఒకటిన్నర హెర్ట్జ్ ఎక్కువ చూపుతుంది, వేడి గాలిలో శబ్దం వేగం ఎక్కువ. దాన్ని సరిచెయ్యడానికి పైపు ముట్టుకోకండి.

యాంప్లిఫైయర్ ముందు క్రాస్ఓవర్‌లో (ఫ్రీక్వెన్సీలను విడదీసే పెట్టెలో) రెండు హద్దులు పెట్టాలి. కింద 35 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ తగ్గించే సబ్‌సోనిక్ ఫిల్టర్, పైన 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఒక కోత. కింది ఫిల్టర్ లేకుండా ఈ బాక్సును బయట వాడకండి. ఎండలో గంటలకొద్దీ వాయిస్తే కాయిల్ వేడెక్కి నిరోధం పెరుగుతుంది. సప్పుడు తగ్గిందని ఆపరేటర్ ఇంకా పెంచుతాడు, కాయిల్ ఇంకా కాలుతుంది. అలాంటప్పుడు బాక్సు మీద నీడ ఉండేలా చూసుకుని, వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గించండి.

ఇంట్లో అయితే చోటు వెతకడమే సగం పని. షాబాద్ బండల నేల, స్లాబు కప్పు ఉన్న 12 × 10 అడుగుల గదిలో 47, 56 హెర్ట్జ్ దగ్గర గది తనే మోగుతుంది. బాక్సు మూలకు నెట్టితే బేస్ పెరుగుతుంది గానీ ఆ రెండు స్వరాలు కూడా ఉబ్బుతాయి. బాక్సును మీరు కూర్చునే కుర్చీ మీద పెట్టి బేస్ పాట వాయిస్తూ గోడల వెంట నడవండి. ఎక్కడ బేస్ స్వరాలన్నీ సమానంగా వినిపిస్తాయో బాక్సును అక్కడికి మార్చండి. రేకుల షెడ్డులో పరీక్షించి బాక్సును తప్పు పట్టకండి, గిరగిరమనేది ఎక్కువసార్లు రేకుల స్క్రూలే.

పందిట్లో రెండు బాక్సులుంటే స్టేజీకి ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి పెట్టే అలవాటు మానుకోవాలి. అలా పెడితే జనంలో ఒక వరుసకు బేస్ దంచుతుంది, నాలుగు అడుగులు పక్కకు జరిగినవాళ్లకు వినిపించదు. రెండూ ఒకదానికొకటి ఆనించి నేల మీదే మధ్యలో పెడితే అందరికీ దాదాపు సమానంగా చేరుతుంది, ఒక్క బాక్సు కంటే 6 డెసిబెల్స్ దాకా ఎక్కువ వస్తుంది. పోర్టులు గోడకు గానీ పరదాకు గానీ ఆనకుండా కనీసం జానెడు ఖాళీ వదలండి.